తప్పుదారి ఎవరిది?

నీతిని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పెద్ద విషయాలే ఎత్తుకుంటాం. యుద్ధం, ఆస్తి, కులం, స్త్రీ స్వాతంత్ర్యం, ఇవి నైతిక సమస్యలని ఎవరూ కాదనరు. కాని మనిషి నీతి ప్రతిరోజూ బయటపడే చోటు ఒకటి వుంది. దాన్ని మనం నీతికి సంబంధించిన చోటుగా భావించం. అది రోడ్డు. ఒకరినొకరు ఎరగని మనుషులు, మళ్ళీ ఎదురుపడే అవకాశం లేని మనుషులు, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టి తిరిగే స్థలం అది. అక్కడ ఒకడికి యంత్రబలం వుంటుంది; మరొకడికి తన కాళ్ళ బలం తప్ప మరేమీ వుండదు. వీళ్ళిద్దరి మధ్య న్యాయం ఎట్లా తేలాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదివి పుట్టలేదు, నా తప్పువల్ల పుట్టింది. అందుచేత ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

నేను అనంతపురంలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగకాలంలో సగంపైన సైకిలు మీదనే కాలేజీకి పోయాను. రిటైరైన తర్వాత, పిల్లల బలవంతం కొంత, నా సరదా కొంత, ఒక చిన్న కారు కొన్నాను. రెండేళ్ళ కిందట ఒక ఎండాకాలం సాయంత్రం మా సొంత వూరికి పోయి తిరిగి వస్తున్నాను. మా వూరు రాప్తాడుకు దక్షిణాన, బెంగుళూరు హైవేకు రెండు మైళ్ళ లోపల, పడమటి పక్కన వుంది. హైవే ఎక్కి వేగం అందుకున్నానో లేదో, ఎదురుగా నా వరసలోనే, తారు అంచు వెంబడి ఒక మేత మోపు కదిలివస్తూ కనబడింది. దగ్గరికి వచ్చేదాకా ఆ మోపు కింద ఒక సైకిలు, సైకిలు మీద ఒక మనిషి వున్నట్లు తెలియలేదు. హారను గట్టిగా మోగించాను. ఆ మనిషి బెదిరి హాండిలు తిప్పాడు. ముందుచక్రం తారు దిగి గరుసులో జారింది. మోపుతో సహా పక్కనున్న గుంతలో పడ్డాడు.

కారు ఆపాను. అతణ్ణి లేవదీయడానికే ఆపానని చెప్పుకోగలిగితే బాగుండేది. అద్దం దించి నేనన్న మొదటిమాట: "కండ్లు కనపడవా నీకు? రాంగ్‌సైడులో వస్తావా?" అతను నాకంటే వయసులో పెద్దవాడు. మోకాటి మీద చర్మం లేచిపోయి నెత్తురు కారుతూ వుంది. గరుసు దులుపుకుంటూ లేచి, "రైట్‌సైడు యాడుంది సారూ మాకు? మీరే చూపియ్యండి, ఆ దోవనే పోతా" అన్నాడు. నేను అతణ్ణి "నువ్వు" అన్నాను, అతను నన్ను "మీరు" అన్నాడు. పడ్డవాడు అతను, కోపం నాది. నలభై ఏళ్ళుగా సభల్లో శ్రమజీవి అన్న మాట పలుకుతూ వచ్చినవాణ్ణి, ఒక శ్రమజీవి నా బండికి అడ్డం వచ్చిన క్షణంలో నా నోట వచ్చిన మాట ఇది.

చట్టాన్ని అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. మన దేశంలో ఏ వాహనమైనా రోడ్డుకు ఎడమపక్కన పోవాలి. అతను ఎదురు వచ్చాడు. వెలుతురు తగ్గే వేళ దీపం లేకుండా వచ్చాడు. ముందు ఏముందో తనకే సరిగా కనబడనంత మోపు వేసుకొని వచ్చాడు. నేను ఎడమపక్కనే వున్నాను, వేగపు హద్దు దాటలేదు, హారను మోగించాను. కోర్టులో నిలబెడితే నేను నిర్దోషిని. ఇంటికి వచ్చి ఈ లెక్క రెండుమూడుసార్లు వేసుకున్నాను. లెక్క సరిగానే వుంది. కాని అది సరిగా వున్నకొద్దీ, లెక్కలోకి రానిదేదో వుండిపోయిందన్న అనుమానం ఎక్కువైంది.

వారం తర్వాత పోయి ఆ చోటును కాలినడకన చూసి వచ్చాను. అతని పొలం, మా వూరి మలుపు రెండూ హైవేకు ఒకే పక్కన, పడమట వున్నాయి. రెంటికీ మధ్య దూరం అర కిలోమీటరు. అతను ఎడమపక్క నియమం పాటించి ఇల్లు చేరాలంటే ముందు ఇంటికి ఎదురుదిశలో, ఉత్తరానికి, ఒకటిన్నర కిలోమీటరు పోవాలి. అక్కడ మీడియనులో సందు వుంది. ఆ సందులో రోడ్డు దాటి, తూర్పు వరసలో నాలుగు కిలోమీటర్లు దక్షిణానికి రావాలి. అక్కడ ఇంకొక సందు వుంది. మళ్ళీ దాటి రెండు కిలోమీటర్లు వెనక్కు రావాలి. అర కిలోమీటరు బదులు ఏడున్నర కిలోమీటర్లు. అది కూడా మేత మోపుతో, రెండుసార్లు హైవేను అడ్డంగా కోసి. ఈ నియమాన్ని పాటించడం కంటే ఉల్లంఘించడంలోనే అతనికి ప్రాణభయం తక్కువ. ఇది అజ్ఞానంవల్ల చేసిన తప్పు కాదు. మనబోటి చదువుకున్నవాళ్ళకంటే అతను బాగా లెక్క వేశాడు.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. ఆ చోట రాంగ్‌సైడు అన్నది మొదటినుంచీ వున్నది కాదు, దాన్ని సిమెంటుతో కట్టారు. మీడియను లేని రోజుల్లో అతను రెండు అడుగుల్లో రోడ్డు దాటి ఎడమపక్కకు పోయేవాడు. మీడియను కట్టినవాళ్ళు ఎదురెదురు బండ్లు గుద్దుకోకుండా కట్టారు. అది మంచిపనే, దానివల్ల ప్రాణాలు నిలిచాయి. కాని ఎవరి ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టారు? హైదరాబాదునుంచి బెంగుళూరు పోయేవాడికి ఈ రోడ్డు నిలువుగా వుంటుంది. మా వూరి రైతుకు అడ్డంగా వుంటుంది. నిలువుగా పోయేవాడి సౌకర్యం కోసం నియమం పుట్టింది. అడ్డంగా పోయేవాడు ఆ నియమానికి నేరస్థుడయ్యాడు. నియమం ఇద్దరికీ ఒకటే. కాని దాన్ని పాటించడానికి నేను చెల్లించేది ఏమీ లేదు, అతను చెల్లించేది ఏడు కిలోమీటర్లు.

అసలు ఈ రోడ్లు ఎవరివి? ఈ ప్రాంతంలో రోడ్డుకూ కరువుకూ వున్న సంబంధం మన విద్యార్థులు తెలుసుకోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే మెట్ట ఇది. 1876-78 మహాక్షామంలో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా వున్నప్పుడు, ఆకలితో వున్న జనం చేత ప్రభుత్వం కరువు పనులు చేయించింది. ఆ పనుల్లో ముఖ్యమైనవి రోడ్లు వేయడం, కంకర కొట్టడం. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి ఖర్చు తగ్గించడానికి కూలిని కుదించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ కూలితో రాయి కొడుతూ ఎందరో రాలిపోయారు. 1882లో జిల్లా ఏర్పడేనాటికి ఈ కంకర రోడ్లు మిగిలాయి. మళ్ళీ 2006 ఫిబ్రవరి 2న, గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకంలోనూ మట్టిరోడ్లు వేసే పని వుండేది. నూట ముప్పై ఏళ్ళ తేడాతో పార పట్టుకున్నది ఒకే వర్గం.

ఇక హైవే సంగతి. ఒకప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి 2010లో వచ్చిన కొత్త లెక్కలో నలభైనాలుగో నంబరు అయింది. శ్రీనగరునుంచి కన్యాకుమారి దాకా పోయే ఈ రోడ్డు గుత్తి, పామిడి, అనంతపురం, రాప్తాడు, పెనుకొండల మీదుగా సాగుతుంది. దాన్ని నాలుగు వరసలు చేసినప్పుడు పొలాలు పోయాయి, రోడ్డుపక్క చింతచెట్లూ వేపచెట్లూ పోయాయి. భూమి ఇచ్చినవాళ్ళకు పరిహారం అందింది. ఆ పరిహారం న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. కాని చెట్టునీడన చక్రం ఆపి చెమట తుడుచుకునే సైకిలువాడికి ఆ నీడకు పరిహారం ఎవరూ ఇవ్వలేదు. అది ఏ పద్దులోనూ ఆస్తి కాదు.

పాత రోడ్డు మీద అంతా సామరస్యమే వుండేదని నేను చెప్పడం లేదు. దాని మీదా చచ్చినవాళ్ళు చాలామంది. కాని ఒక అలవాటు గుర్తుకు వస్తుంది. పంటల కాలంలో మా వైపు రైతులు ఉలవకట్టె తెచ్చి రోడ్డు మీద పరిచేవారు. వచ్చేపోయే లారీలూ బస్సులూ దాన్ని తొక్కితే గింజ రాలేది. కళ్ళం లేని రైతుకు రోడ్డే కళ్ళం. డ్రైవర్లు విసుక్కునేవారు, తిట్టేవారు కూడా. అయినా వేగం తగ్గించి దాని మీదనే పోయేవారు. ఇది ప్రమాదకరమైన అలవాటే. ఉలవకట్టె చక్రాలకు చుట్టుకొని, బండి జారి, నష్టపోయినవాళ్ళూ వున్నారు. దాన్ని మళ్ళీ తెమ్మని నేను అనను. కాని అందులో ఒక ఒప్పుదల వుంది. రోడ్డు మీద నాతోపాటు ఇంకొకరికీ పని వుంది అన్న ఒప్పుదల అది. ఈనాటి హైవే మీద పోయింది అదే.

ఇక మోటారు పక్షం వాదాలు చూద్దాం. నేను కూడా ఆ పక్షంలోనే వున్నాను కనుక అవి నాకు బాగా తెలుసు.

మొదటిది పన్ను వాదం: "మేము రోడ్డు పన్ను కడుతున్నాం, మరూరు దగ్గర టోలు కడుతున్నాం. సైకిలువాడు ఏం కడుతున్నాడు?" నా చిన్నతనంలో సైకిలుకూ ఏటా పన్ను వుండేది, కట్టినట్లు ఒక రేకుబిళ్ళ ఇచ్చేవారు. రాత్రి దీపం లేకపోయినా, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకున్నా పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడు. పన్ను కట్టిన ఆ రోజుల్లో సైకిలువాడికి రోడ్డు మీద ఎక్కువ గౌరవం దక్కినట్లు నాకు గుర్తులేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సైకిలు మీద 12 శాతం పన్ను పడింది. కనుక సైకిలు కొన్న కూలివాడు అది కొన్నరోజే ప్రభుత్వానికి పన్ను కట్టాడు. అయినా పన్నును బట్టి హక్కు వస్తుందనడం ఆస్తిని బట్టి ఓటు వుండాలన్న పాతవాదమే. ఆ వాదాన్ని ఓటు విషయంలో ఓడించి, రోడ్డు విషయంలో ఒప్పుకోవడం అర్థంలేని పని.

రెండవది సమానత్వ వాదం. ఇది మరింత బలమైనది. "చట్టం ముందు అందరూ సమానులు. నేను నియమం పాటిస్తున్నాను, నువ్వూ పాటించు." ఇక్కడ నా పాతపాఠం ఒకటి చెప్పనివ్వండి. కదిలే వస్తువుకు వుండే గతిశక్తి దాని బరువుతో పెరుగుతుంది, వేగంతో ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. ఆ సాయంత్రం నా కారు బరువు సుమారు వెయ్యి కిలోలు, వేగం గంటకు 80 కిలోమీటర్లు. అతనూ సైకిలూ మోపూ కలిసి 120 కిలోలు, వేగం పది కిలోమీటర్లు. లెక్క వేయండి: నేను తెచ్చిన శక్తి అతను తెచ్చినదానికి ఐదువందల రెట్లకు పైగా వుంటుంది. నేను సెకండుకు ఇరవైరెండు మీటర్లు పోతున్నాను. మా ఇద్దరిలో ఎవరు పొరపాటు చేసినా చచ్చేది అతనే. నా పొరపాటుకూ అతనే చస్తాడు, అతని పొరపాటుకూ అతనే చస్తాడు. ఫలితం ఇంత అసమానంగా వున్నచోట బాధ్యతను సమానంగా పంచడం న్యాయం కాదు. తుపాకి పట్టుకున్నవాడూ చేతికర్ర పట్టుకున్నవాడూ జాగ్రత్తగా వుండవలసిందే; కాని ఇద్దరి జాగ్రత్తా ఒకే పాటిది కాదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, లోకంలో చట్టమైనదే. మోటారు కొత్తగా వచ్చిన రోజుల్లో బరువంతా యంత్రం మీదనే వుండేది. ఇంగ్లండులో 1865 చట్టం ప్రకారం రోడ్డు మీద యంత్రపు బండి పోతుంటే ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. ఆ షరతు క్రమంగా సడలి, 1896లో తేలికపాటి మోటార్లకు పూర్తిగా పోయింది. అదే ఏడాది ఆగస్టులో లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కల్ అనే స్త్రీ కారు గుద్ది చనిపోతే, విచారణ జూరీ ప్రమాదవశాన జరిగిన మరణమని తేల్చింది. తర్వాత అమెరికాలో, 1920ల్లో, మోటారు ప్రయోజనాలవాళ్ళు పెద్దయెత్తున ప్రచారం చేసి, వీధి దాటే మనిషినే తప్పుచేసినవాడిగా చూపే పేరును చట్టాల్లోకి ఎక్కించారు. అంతదాకా వీధి మనిషిది, మోటారు అతిథి. ఆ తర్వాత మోటారు యజమాని అయింది, మనిషి చొరబాటుదారు అయ్యాడు.

కాని కథ అక్కడ ఆగలేదు. హాలెండులో 1971లో మూడువేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. వాళ్ళలో నాలుగువందల మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్య ఆపండి" అనే పేరుతోనే అక్కడి తల్లిదండ్రులు ఉద్యమం నడిపారు. ఈనాడు ఆ దేశపు చట్టంలో, మోటారుబండి సైకిలువాడికి గాయం చేస్తే, అది తప్పించలేని ఘటన అని బండి యజమాని నిరూపించుకోలేకపోతే నష్టానికి బాధ్యుడు అతనే. ఫ్రాన్సు 1985లో ఇటువంటి చట్టమే చేసింది. ఇంగ్లండు రోడ్డు నియమావళి 2022 జనవరిలో, ఎక్కువ హాని చేయగలవాడికే ఎక్కువ బాధ్యత అన్న సూత్రాన్ని బహిరంగంగా చేర్చుకున్నది. మన మోటారు చట్టంలో కూడా దీనికి మొలక వుంది. తప్పెవరిదని నిరూపించనక్కర లేకుండానే పరిహారం ఇచ్చే పద్ధతి 1982 సవరణతో వచ్చింది. 2019 సవరణ తర్వాత అది మరణానికి ఐదు లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అయింది. అంటే చచ్చినవాడి తప్పుతో నిమిత్తం లేకుండా అతని కుటుంబానికి కొంత రుణపడ్డామని మన చట్టం కూడా ఒప్పుకున్నది. చట్టం ఒప్పుకున్నదాన్ని మన మనసు ఇంకా ఒప్పుకోలేదు.

మూడవది అభ్యుదయ వాదం. ఇది మనవాళ్ళ నోటినుంచే వస్తుంది: "వేగం అభివృద్ధికి గుర్తు. సైకిలును సమర్థించడమంటే వెనకబాటుతనాన్ని సమర్థించడమే. రేపు అందరికీ మోటార్లు వస్తాయి, సమస్య పోతుంది." నేను యంత్రాన్ని ద్వేషించేవాణ్ణి కాను. హైవే లేకపోతే మా వూరి రోగి బెంగుళూరు ఆస్పత్రికి సకాలంలో చేరడు, పెనుకొండ దగ్గర కారు ఫ్యాక్టరీ వచ్చేది కాదు. కాని వేగం ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. నాకు పది నిమిషాలు ఆదా అవుతున్నాయంటే, అందులో కొంత ఇంజనునుంచి వస్తున్నది, కొంత ఆ ముసలాయన చుట్టుతిరుగుడునుంచి వస్తున్నది. ఒకడి కాలాన్ని తీసి ఇంకొకడి ఖాతాలో వేయడాన్ని ఫ్యాక్టరీలో దోపిడి అని గుర్తుపట్టే మనం, రోడ్డు మీద అభివృద్ధి అని పిలుస్తున్నాం.

పైగా సైకిలు వెనకబాటుతనానికి గుర్తు కాదు. 1991లో పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై అక్షరాస్యతా ఉద్యమం పలకతోపాటు సైకిలునూ గ్రామీణ స్త్రీల చేతికి ఇచ్చింది, వేలాదిమంది నేర్చుకున్నారు. మగవాడు ఎక్కించుకుపోతే తప్ప కదలలేని ఆడది తనంతట తాను సంతకు, పనికి, సభకు పోగలిగింది. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. ఇచ్చిన ప్రభుత్వమే ఆ పిల్ల బడికి పోయే దారిలో నాలుగు వరసల రోడ్డు వేసి, దాటే చోటు మూడు నాలుగు కిలోమీటర్ల అవతల పెడితే, చేతికిచ్చి కాళ్ళు కట్టినట్లే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో సైకిలు వున్న కుటుంబాలు 44.8 శాతం, కారు, జీపు, వ్యాను వున్నవి 4.7 శాతం. ఆ తర్వాత కార్లు పెరిగాయి, మోటారుసైకిళ్ళు మరీ పెరిగాయి. అయినా రోడ్డు ఎవరికోసం అన్న ప్రశ్నకు ఆనాడు ఇచ్చుకున్న జవాబు మారలేదు. 2023 ఆగస్టు 1నుంచి బెంగుళూరు–మైసూరు రహదారి ప్రధాన వరసల్లోకి మోటారుసైకిళ్ళను, ఆటోలను, ట్రాక్టర్లను కూడా రానివ్వడం మానేశారు. ప్రమాదాలు తగ్గించడానికే అన్నారు, తగ్గితే సంతోషమే. కాని ప్రమాదం తెచ్చేవాణ్ణి నెమ్మదింపజేయడం, ప్రమాదానికి గురయ్యేవాణ్ణి తొలగించడం అన్న రెండు మార్గాల్లో ఎప్పుడూ రెండవదే ముందుగా తట్టడానికి కారణం వుంది. తొలగించబడేవాడికి అభ్యంతరం చెప్పే బలం లేదు.

ఇంతదాకా చెప్పింది విని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు: "కారున్నవాడి సంగతి సరే. మరి లారీ డ్రైవరు? అతనూ శ్రామికుడే కదా. సైకిలువాడి పక్షాన మాట్లాడుతూ ఇంకొక శ్రామికుణ్ణి జైలుకు పంపుతావా?" ఇది తప్పించుకోలేని ప్రశ్న. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని అందులో వుండేది. ట్రిప్పు లెక్కన కూలి తీసుకునే డ్రైవరును అడిగితే ఆ చట్టం పేరు విని నవ్వుతాడు. సరుకు చేరవలసిన గంట ముందే నిర్ణయమైపోయి వుంటుంది. నిద్ర అతని సొంత ఖర్చు. 2024 జనవరిలో, గుద్ది చెప్పకుండా పారిపోయినవాడికి పదేళ్ళదాకా శిక్ష విధించే కొత్త క్లాజుకు వ్యతిరేకంగా దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపారు. ఆ ఏడాది జులై 1న కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క క్లాజును పక్కన పెట్టారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్న డ్రైవరు భయం అబద్ధం కాదు. పారిపోతే గుంతలో పడ్డవాడు నెత్తురు పోయి చస్తాడన్నదీ అబద్ధం కాదు.

1979లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు ఇటువంటి కేసే వచ్చింది. ఒక స్కూటరును గుద్ది మరణానికి కారకుడైన పంజాబు లారీ డ్రైవరు, తనది పెద్ద కుటుంబమనీ, శిక్ష తగ్గించమనీ వేడుకున్నాడు. పేదల న్యాయమూర్తి అని పేరున్న ఆయన శిక్ష తగ్గించలేదు. అయితే చనిపోయినవాడి కుటుంబాన్ని గాని, జైలుకు పోయినవాడి భార్యాబిడ్డలను గాని మన న్యాయశాస్త్రం పట్టించుకోకపోవడం పెద్దలోపమని అదే తీర్పులో చెప్పాడు. నా మిత్రుడి ప్రశ్నకు సమాధానం ఆ దిశలోనే వుందని అనుకుంటాను. బాధ్యత చక్రం పట్టుకున్న చేతితో ఆగకూడదు. ఆ చేతికి పద్దెనిమిది గంటల పని ఇచ్చినవాడి దాకా, ఆ గంట నిర్ణయించినవాడి దాకా, దాటే దారి లేకుండా రోడ్డు గీసినవాడి దాకా పోవాలి. పైకి పోవాలి అంటే కింద మాఫీ చేయాలని కాదు. డ్రైవరును నిద్రపోనివ్వని వ్యవస్థ మీద నేను అతని పక్షం. నిద్రకళ్ళతో పల్లెమలుపు దగ్గర వేగం తగ్గించని అతని మీద సైకిలువాడి పక్షం. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

మనవాళ్ళలో చాలామందికి ఇక్కడే తడబాటు వుంది. సామాజిక కారణాలు చూపించగానే వ్యక్తి బాధ్యత తీరిపోయిందనుకుంటారు. మనిషి స్థితిని బట్టి అతని చైతన్యం వుంటుందన్న మాట నిజమే. నా అనుభవమే దానికి సాక్ష్యం: సైకిలు మీద వున్న నాకు మోటారువాళ్ళు పొగరుబోతులుగా కనబడ్డారు, కారులో కూర్చున్న ఏడాదికే సైకిలువాళ్ళు బుద్ధిలేనివాళ్ళుగా కనబడసాగారు. అద్దాల వెనక కూర్చుంటే బయటి మనిషి మనిషిగా కాక ఆటంకంగా కనబడతాడు. కూలివాడి కొడుకు మోటారుసైకిలు కొని అదేపని చేస్తాడు. అంతెందుకు, సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ, బిందె నెత్తిన పెట్టుకొని పోయే ముసలమ్మను రోడ్డు దిగమని కసురుకున్న రోజులు నాకూ వున్నాయి. కనుక నేను చెప్పే సూత్రం సైకిలువాణ్ణి పుణ్యాత్ముణ్ణి చేయడానికి కాదు. నడిచేదాని ముందు సైకిలువాడు కూడా బలవంతుడే, అతనికీ అదే సూత్రం. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో దాదాపు ఐదోవంతు కాలినడకన పోతున్నవాళ్ళు.

కాని స్థితి చైతన్యాన్ని నిర్ణయిస్తుందని తెలుసుకోవడం ఎందుకు? ఆ నిర్ణయానికి లొంగిపోవడానికి కాదు. తెలుసుకున్నవాడికి తెలియనివాడికంటే బాధ్యత ఒక పాలు ఎక్కువ. కారెక్కితే నా చూపు మారుతుందని నాకు తెలిసినప్పుడు, ఆ మారిన చూపును నేను నమ్మకూడదు. "ముందు వ్యవస్థ మారనీ" అన్న మాట గుంతలో పడ్డవాడి ముందు నిలబడి అనగలమా అన్నది చూసుకోవాలి. అనలేకపోతే ఆ మాట సిద్ధాంతం కాదు, సాకు.

అడగవలసినవి చాలా వున్నాయి. పల్లెమలుపు దగ్గర రోడ్డు కింద దారి, ఊళ్ళను కలిపే సర్వీసు రోడ్డు, బలవంతుడి మీద నిరూపణభారం మోపే చట్టం, డ్రైవరుకు ఎనిమిది గంటల పని. వీటికోసం అర్జీలు పెట్టాలి, ఊళ్ళను కూడగట్టాలి, ఆందోళన చేయాలి. ఇవి ఒక్కడివల్ల అయ్యేవి కావు. కాని వూరి మలుపు కనబడగానే వేగం తగ్గించడానికి ఎవరి తీర్మానమూ అక్కరలేదు. పడ్డవాణ్ణి "మీరు" అనడానికి విప్లవం వచ్చేదాకా ఆగనక్కర లేదు.

ఆ రోజు చోటు చూసిన తర్వాత అతని ఇంటికి పోయాను. మోకాలు మానుతూ వుంది. నేను క్షమాపణ మాట ఎత్తబోతే అతను వినిపించుకోలేదు. మా నాయన పేరు చెప్పి, "ఆయన కొడుకువు కాదూ నువ్వు?" అన్నాడు. "మీ నాయన కూడా చెనిక్కాయ మూట సైకిల్లో ఏసుకొని ఈ దోవనే అనంతపురం పోతాండె. అప్పుడు అంతా ఒకటే సైడు." ఈసారి అతను నన్ను నువ్వు అన్నాడు. అది నాకు సంతోషం కలిగించింది. మీడియను మాత్రం అట్లాగే వుంది. అతను ఇప్పటికీ రాంగ్‌సైడులోనే ఇంటికి పోతున్నాడు.